మొదటి ‘వద్దు’ లెక్కలోకి రాదు

చికాగోలో జర్మన్ నేర్చుకున్నానంటే ఎవరైనా ముందు అడిగేది, అమెరికా వెళ్లి జర్మన్ నేర్చుకోవడమేమిటి అని. నాకూ అదేం సరదా కాదు. మందుల సీసాలకు మూతలు బిగించే యంత్రాలు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. నేను రాసిన నాలుగు లైన్లకు అంత పెద్ద యంత్రం కదిలి, సీసాలు వరసగా టకటకా మూతలు పెట్టించుకుని వెళ్లిపోతుంటే అన్నం కూడా గుర్తొచ్చేది కాదు. సరిగ్గా అప్పుడే హెచ్‌1 వీసా లాటరీలో నా పేరు రాలేదు. చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చిన గడువు ఇంకో ఏడాదిలో అయిపోతుంది.

మా మేనేజరు పిలిచి ఒక దారి చెప్పాడు. కంపెనీకి జర్మనీలో ఒక చిన్న ఊళ్లో ఫ్యాక్టరీ ఉంది. అక్కడ నా పని తెలిసిన మనిషి కావాలి. కానీ ఆ టీమంతా జర్మన్‌లోనే మాట్లాడతారు. వచ్చే వేసవి మొదట్లో అక్కడి హెడ్ నాతో ఫోన్లో జర్మన్‌లో మాట్లాడతాడు, ఆయన సరేనంటే నన్ను పంపిస్తారు. సరేననకపోతే ఏమవుతుందో మేనేజరు చెప్పలేదు, నేను అడగలేదు. పెట్టె సర్దుకోవడమే.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా రూమ్మేట్ పడీ పడీ నవ్వింది. తనది హన్మకొండ, నాది తెనాలి. మాస్టర్స్ చదివేటప్పటి నుంచి ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం.

“ఆఫీస్ కాల్‌ల మాట్లాడాల్నంటేనే మ్యూట్ పెట్టుకొని ప్రాక్టీస్ చేస్తవ్. నువ్వు జర్మన్ల మాట్లాడ్తవా?” అంది.

“మాట్లాడకపోతే టికెట్ బుక్ చేసుకోవడమేనే” అన్నాను.

నవ్వు ఆపేసింది. నేను వద్దంటున్నా వినకుండా నా ప్లేట్లో ఇంకో దోసె వేసింది. బాధొచ్చినా సంతోషమొచ్చినా దాని దగ్గర ఉన్న మందు అదొక్కటే.

డౌన్‌టౌన్‌లో సాయంత్రం క్లాసులో చేరాను. బల్లకూ చెంచాకూ తలుపుకూ ఆడా మగా తేడాలేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, బట్టీ పట్టేశానంతే. ఆఫీసు నుంచి రైల్లో వెళ్తూ ‘దేర్, దీ, దాస్’ అని గొణుక్కుంటుంటే పక్కనున్నవాళ్లు మెల్లగా లేచి వేరే సీట్లోకి మారిపోయేవాళ్లు. నా బ్యాగుకు కూడా కూర్చునే చోటు దొరికేది. నెలలు గడిచేసరికి చదివితే అర్థమవుతోంది, రాస్తే తప్పులు తగ్గాయి, నోరు మాత్రం పెగలడం లేదు. మా టీచరు అది చూసి ఒక పెద్దావిడ ఫోన్ నంబరు ఇచ్చింది. “ఈవిడ దగ్గరికి వెళ్లి మాట్లాడు. ఆవిడకూ జర్మన్‌లో మాట్లాడే మనిషి కావాలి” అంది.

ఆవిడ ఇల్లు లింకన్ స్క్వేర్‌లో. ఒకప్పుడు ఆ వీధుల నిండా జర్మన్ వాళ్లేనట. ఆవిడ పెళ్లి చేసుకుని చికాగో వచ్చినప్పుడు రొట్టెల షాపు నుంచి మందుల షాపు దాకా ఇంగ్లీషు ముక్క లేకుండా గడిచిపోయేదట. ఇప్పుడు భర్త లేడు, పిల్లలు లేరు, ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా నడిచేది. కూతురి వయసు కూడా లేని నన్ను ‘మీరు’ అనేది. ప్రతి శనివారం మూడింటికి రమ్మంది.

మొదటి శనివారం మెట్లెక్కుతుంటేనే దాల్చినచెక్క వాసన తగిలింది. కోటు విప్పి కూర్చున్నానో లేదో, ఆవిడ వంటింట్లోంచి ఆపిల్ కేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంకా పొగలు వస్తున్నాయి. నోరూరిపోయింది.

“కేకు తింటారా?” అంది.

“నైన్, డాంకె” అన్నాను. వద్దు, థాంక్స్ అని.

అనకపోతే ఎలా? కొత్తగా వెళ్లిన ఇంట్లో పెట్టీ పెట్టగానే ప్లేటు అందుకుంటే కరువులోంచి వచ్చిందనుకోరూ? మనం అయ్యో ఎందుకండీ, ఇప్పుడే తినొచ్చాను అనాలి. వాళ్లు భలేవారే, ఒక్క ముక్క అనాలి. మనం మళ్లీ వద్దనాలి. వాళ్లు చేతిలో పెట్టేయాలి. అప్పుడు మొహమాటపడుతూ మొత్తం తినేయాలి. ఇది ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదు, పాలతో పాటే అబ్బుతుంది.

ఆవిడ “గుట్”, అంటే మంచిది, అని కేకు లోపలికి తీసుకెళ్లిపోయింది. తనకొక ముక్క కోసుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఫోర్కుతో చిన్నచిన్నగా తింటూ, మీ ఊళ్లో ఏం పండుతాయి అని అడిగింది. నిమ్మకాయలు, పసుపు, అరటి అని నాకు వచ్చిన జర్మన్‌లో చెబుతున్నాను. కళ్లు మాత్రం ఆ ఫోర్కు వెంటే పోతున్నాయి. కాఫీదీ అదే గతి. ఒకసారి అడిగింది, వద్దన్నాను, గ్లాసుడు నీళ్లు తెచ్చి పెట్టింది.

రెండో వారం మళ్లీ అడిగింది. ఈసారి ఊ అనేయాలని రైల్లో గట్టిగా అనుకునే వెళ్లాను. ఆవిడ అడగ్గానే నోరు దానంతటదే నైన్ అనేసింది. ఆ తర్వాత అడగడం మానేసింది. పోనీ నేనే అడుగుదామా అంటే, రెండు వారాలు వద్దన్న మనిషి ఇప్పుడు కేకు పెట్టమంటే ఏం బాగుంటుంది? బయట మంచు కురుస్తుంటే, కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే, వంటింటి వస్తువుల పేర్లన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్ పక్కన డోనట్ కొనుక్కుని, ప్లాట్‌ఫారం మీద నిలబడి గ్లవ్స్‌తోనే తినేసేదాన్ని.

మా రూమ్మేట్‌కు వినివిని కోపమొచ్చింది. “ఎంత పిసినారి ముసలామెనే. ఇంకోసారి తినుమంటే ఆమె సొమ్మేం పోతది? మనింటికి పిలువు. ఇంటికొచ్చినోళ్లకు ఎట్ల పెడ్తరో చూపిస్త” అంది.

మంచు కరిగాక ఒక ఆదివారం ఆవిడ ట్యులిప్ పూలు పట్టుకుని వచ్చింది. మా రూమ్మేట్ ముందురోజు నుంచే పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. పప్పు, బెండకాయ వేపుడు, కోడికూర, గోంగూర పచ్చడి, పెరుగు. ఆవిడ స్పూనుతో అన్నీ రుచి చూసి, బాగున్నాయని చెప్పి, ప్లేటు శుభ్రంగా ఖాళీ చేసింది. ఖాళీ ప్లేటు కనబడితే మనవాళ్లం ఊరుకుంటామా? మా రూమ్మేట్ గరిటెడు అన్నం వేసింది. ఆవిడ “నైన్, డాంకె” అంది. నేను కూర వేశాను. పెట్టింది వదిలేయడం ఆవిడ పుట్టుకలోనే లేదు, పాపం కష్టపడి తినేసింది. మళ్లీ ఖాళీ అయింది కదా అని మళ్లీ పెట్టాం.

“సూశినవా, ఆకలి మీదున్నది” అని మా రూమ్మేట్ నా చెవిలో అంది.

ఆవిడ ముఖం ఎర్రబడుతోంది. మూడోసారి గరిటె వస్తుంటే రెండు చేతులూ ప్లేటుకు అడ్డం పెట్టేసింది, అచ్చం మన పెళ్లి భోజనాల్లో విస్తరి మీద పెట్టినట్టే.

“నేను వద్దంటే ఈ ఇంట్లో ఎవరికీ వినపడదా?” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. తడుముకుంటూ చెప్పాను. మా దగ్గర మొదటి వద్దు లెక్కలోకి రాదండీ, అది మర్యాద కోసం. రెండోదీ అంతే. మూడోసారి ముఖం చూసి, నిజమో కాదో మేమే తెలుసుకుంటాం.

ఆవిడ చేతులు తీయకుండా నా వైపే చూసింది. “అయితే నా కేకు?”

నేను తలదించుకున్నాను.

“చలికాలమంతా నా ఎదురుగా ఆకలితో కూర్చున్నారా?”

“అవును.”

“నేను తింటుంటే చూస్తూ?”

“అవును.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “ప్రతి శనివారం పొద్దున్నే మీకోసమే చేశాను, ఎప్పటికైనా మీరే అడుగుతారని. ఒక్కదాని కోసం నేను కేకు చేసుకోను. మీరు వెళ్లాక కింది ఇంటివాళ్లకు ఇచ్చేదాన్ని. నా చేతి వంట మీకు నచ్చదేమో అనుకున్నాను” అంది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చేసింది. జర్మన్ ఒక్క ముక్క రాని మా రూమ్మేట్‌కు ఏమర్థమైందో గానీ, గరిటె పక్కన పెట్టి ఆవిడకు మంచినీళ్లిచ్చింది.

ఆ తర్వాతి శనివారం నుంచి నాకు కొత్త పాఠం మొదలైంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కేకు, కాఫీ, దిండు, కిటికీ పక్క సీటు, ఏదో ఒకటి కావాలా అని అడిగేది. కావాలంటే మొదటిసారే ‘యా, గెర్న్’ అనాలి. అవును, సంతోషంగా అని. మొహమాటపడితే ఆ వస్తువు వెనక్కి పోతుంది, ఇక రాదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. క్రియను వాక్యం చివర పెట్టడం ఎప్పుడో వచ్చేసింది గానీ, కావాలి అని చెప్పడం రాలేదు. అది వచ్చిన రోజు కేకు రెండు ముక్కలు తిన్నాను. ఆవిడ ఆ మధ్యాహ్నం నుంచి నన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది.

ఫోన్ రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఆఫీసులో మీటింగ్ రూమ్ తలుపేసుకుని కూర్చున్నాను. జర్మనీ హెడ్ నెమ్మదిగానే మాట్లాడాడు. సీసాలు, మూతలు, సెన్సర్లు అనేసరికి నాకు ధైర్యం వచ్చి గడగడా చెప్పాను. ఆయనకు నచ్చిందని గొంతులోనే తెలిసిపోతోంది. చివర్లో అడిగాడు.

“మాది చిన్న ఊరు. చికాగో నుంచి వచ్చి ఇక్కడ ఉండగలరా? మీరు కావాలంటే ఈ వారమే కాగితాలు మొదలుపెడతాం. వస్తారా?”

ఎగబడి అవునంటే ఏం బాగుంటుంది? నా నోరు దానంతటదే అనేసింది. “అయ్యో, నాకోసం మీరు ఇబ్బంది పడొద్దు. కుదరకపోతే వద్దు, పర్లేదు.”

“అలాగా. సరే, అర్థమైంది. ఉన్నమాట చెప్పినందుకు థాంక్స్” అన్నాడు.

కేకు వంటింట్లోకి వెళ్లిపోతోంది.

“ఆగండి” అన్నాను. “యా, గెర్న్. నాకు ఆ ఉద్యోగం కావాలి. చాలా కావాలి. నేను వస్తాను.” క్రియలు ఎక్కడ పడ్డాయో, ఏ వస్తువు ఆడదైందో ఏది మగదైందో ఆ దేవుడికే తెలియాలి.

“మరి ముందు ఎందుకు వద్దన్నారు?”

“అది మా ఊళ్లో అలవాటండీ. మొదటి వద్దు లెక్కలోకి రాదు.”

ఆయన నవ్వాడు. “ఇక్కడ వస్తుంది. మీరు వచ్చేలోగా అది కూడా నేర్చుకోండి” అన్నాడు. ఫోన్ పెట్టేశాక మా రూమ్మేట్‌కు ఫోన్ చేసి చెబితే, “సాయంత్రం బిర్యానీ చేస్త, వద్దనకు” అంది. వద్దనలేదు.

చివరి శనివారం ఆపిల్ కేకే చేసింది ఆవిడ. ఆవిడ అడగ్గానే యా గెర్న్ అన్నాను, తృప్తిగా తిన్నాను. లేచేటప్పుడు అడిగాను. “అక్కడి నుంచి మీకు శనివారాలు ఫోన్ చేయనా?”

“వద్దు. కొత్త ఉద్యోగం, నీ పనులు నీకుంటాయి” అంది.

ఆవిడ వద్దంటే వద్దే, అది నాకు బాగా తెలుసు. షూస్ వేసుకున్నాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. మళ్లీ అడిగాను.

“వద్దన్నాను కదా. శ్రమ నీకెందుకు” అంది, మిగిలిన కేకును కాగితంలో చుడుతూ.

మూడోసారి అడిగాను. ఈసారి మన పద్ధతిలో ముఖం చూశాను. ఆవిడ చుట్టిన పొట్లాన్ని విప్పి మళ్లీ చుడుతోంది. తలెత్తలేదు.

“మూడింటికి చెయ్యి, కాఫీ వేళకి” అంది. “అక్కడ నీకు రాత్రి పదవుతుంది. మేలుకుని ఉంటావా?”

“యా, గెర్న్” అన్నాను, మొదటిసారే.