ఒడ్డు మీద కాలిన సీల్

నేను ఏడో తరగతి దాటలేదు, అదీ మరాఠీలనే. తెలుగు అక్షరాలు సొంతంగ నేర్చుకున్న, ఇంజన్ పని కూడా గట్లనే. చంద్రపూర్ చుట్టుపక్కల జీవితమంతా పంపులు, డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన నన్ను, జలాశయంల పడవ తిప్పిచ్చే సేటు పదిమంది ముందర నకిలీ మాల్ వేసేటోడన్నడు. ఇది నిరుడు ఎండకాలం ముచ్చట.

నీళ్లల్ల పంకాను తిప్పే షాఫ్టు పడవ అడుగు నుంచి బయటికి పోయే చోట రబ్బరు సీల్ ఉంటది. నీళ్లు లోపలికి రాకుండ ఆపేది అదే. ఏండ్లకేండ్లు నడవాల్సిన సీల్, నేను ఎన్నిసార్లు మార్చినా ఆ పడవల నెలకొకటి పోతున్నది. సేటు నాగపూర్ నుంచి ఇంజనీరును పిలిపిచ్చిండు. ఆయన ఇసుక వల్లనే అని తేల్చి, మంచి కంపెనీ సీల్ వేయించి పోయిండు. అదీ నెల దాటలేదు. అయినా తప్పు నాదేనట.

పాత సీళ్లన్నీ అడిగి ఇంటికి తెచ్చుకున్న. ఇసుక కోస్తే రబ్బరు మీద గీతలు పడతయి. వీటి మీద ఒక్క గీత లేదు. లోపలి అంచు గట్టిపడి మెరుస్తున్నది, గోరుతో వంచితే విరిగింది. ఇది వేడికి కాలిన రబ్బరు. నీళ్లల్ల తిరిగేదానికి గంత వేడి ఎక్కడిది?

తెల్లారంగనే ఒడ్డుకు పోయి కూసున్న. సేటు దగ్గర పడవ నడిపేటాయన వచ్చిండు, అంతకుముందు బొగ్గు లారీలు నడిపిన మనిషి. పడవ ఇంకా ఒడ్డు మీదనే ఉన్నది. ఇంజన్ చాలూ చేసి బీడీ ముట్టిచ్చిండు. ఆ పడవకు గేరు లేదు, ఇంజన్ తిరిగితే షాఫ్టు తిరగాల్సిందే. తడి తగలక సీల్ పొడిగనే షాఫ్టుకు రాసుకుంటున్నది.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?"

"ఇంజన్ వేడి చేస్తున్న కాకా. చల్ల ఇంజన్‌తోని బండి తీస్తమా?"

ఇంజన్ బంద్ చేపిచ్చి సీల్ దగ్గర చెయ్యి పెట్టుమన్న. పెట్టి, చటుక్కున గుంజుకున్నడు.

కొత్త సీల్ నేనే బిగించిన. నీళ్లల్లకు దింపినంకనే ఇంజన్ చాలూ చెయ్యమన్న. వానకాలం పోయింది, చలికాలం పోయింది, చుక్క కారలేదు.

అటెన్క చంద్రపూర్ తుకుం బస్తీల తెలిసింది: ఆ తప్పు పట్టుకున్నది నాగపూర్ ఇంజనీరేనని సేటు చెప్పుకుంటున్నడట. సీదా ఆయన దుకాణానికే పోయి అడిగిన. సేటు నవ్విండు, ఎవరు పట్టుకుంటే ఏంది, పడవ నడుస్తున్నది గద అన్నడు. డీజిల్ డబ్బా కోసం వచ్చిన పడవాయన ఆడనే ఉన్నడు. గిరాకులందరికీ వినపడేటట్టు అన్నడు:

"కాలబెట్టింది నేను సేటూ. పట్టుకున్నది కాకా."

సేటు కుర్చీ నా దిక్కు జరిపిండు. నేను కూసోలేదు.