భయానికి 'ఆయ్' అనమన్న సిస్టరుగారు

కొబ్బరి తురుముతుండగా పక్కింటి వదినగారు గుమ్మంలోంచే చెప్పారు, మా ఆరోగ్య కేంద్రం సిస్టరుగారు పోయారని. నిద్రలోనేనట. నాకు మొదట ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడ లేకుండా నేనెలా నెగ్గుకురావాలి?

మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఒకప్పుడు ఆయన ఫోను కాస్త ఆలస్యమైతే చాలు, నాకు గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు. గుండెజబ్బేమోనని పరీక్షలు చేయించుకున్నాను. గుండె బాగానే ఉంది, ఇది ఆందోళన అని చెప్పి డాక్టరుగారు మాత్రలు రాశారు. శుక్రవారం మధ్యాహ్నం సిస్టరుగారి ధ్యానం క్లాసుకి కూడా వెళ్ళమన్నారు.

మొదటి రోజే నవ్వులు. మైకులో చెప్పిన "ధ్యానం" కాస్తా "ధాన్యం"గా వినబడి, ఒక రైతు బాబాయిగారు అమ్మకానికి ముందు తేమ చూపించుకోవడానికి తువ్వాల్లో వడ్లు మూటగట్టుకుని వచ్చేశారు. సిస్టరుగారు వెనక్కి పంపలేదు. "ఎలాగూ వచ్చేరు కదండీ, కూర్చోండి. గింజ సంగతి తర్వాత, ముందు మీ ఊపిరి చూద్దాం" అన్నారు. చేను మునిగినప్పటి నుంచి నిద్రలేని మనిషి ఆయన. ఆ రోజు చాప మీద కూర్చున్నవారు మరి మానలేదు.

టీకాలు వేసే గదిలోనే మా చాపలు, పైన గరగరమనే ఫ్యాను. కళ్ళు మూసుకుంటే నాకు కువైటే కనిపించేది. ఓసారి లేచి వెళ్ళిపోబోతుంటే ఆవిడ వచ్చి నా పక్కన కూలబడ్డారు.

"ఏం చెబుతుందమ్మా మీ భయం?"

"ఆయనకేదో అయిపోయిందంటుందండీ."

"ఆయ్ అనండి. దాంతో వాదించకండి, తరమకండి. అత్తగారు చెప్పినదానికల్లా ఆయ్ అంటాం కదా, అన్నీ చేసేస్తామేంటండీ? ఆయ్ అనేసి మళ్ళీ ఊపిరి దగ్గరికొచ్చేయండి."

పకపకా నవ్వేశాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. మాత్రలు మాత్రం మాననిచ్చేవారు కాదు, డాక్టరుగారు చెప్పేదాకా వేసుకోవాల్సిందేనని గదమాయించేవారు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన రోజు మాకంటే ముందు ఆవిడే గురక పెట్టేవారు. లేచి, "చూసేరా, నాకెంత బాగా కుదిరిందో" అనేవారు. ఆవిడంటే నాకు ప్రాణం.

ఈ శుక్రవారం వెళ్ళలేననుకుంటూనే వెళ్ళాను. ఎవరూ రమ్మనకపోయినా అందరూ వచ్చారు. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి, భర్త మస్కట్‌లోనట, ఫోను గుప్పిట్లో బిగించి కూర్చుంది. ఎవరు మొదలుపెట్టాలో తెలియక అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి నేనే ఆ అమ్మాయి పక్కకి జరిగి, "ఫోను చాప మీద పెట్టమ్మా, మోగితే వినబడుతుంది" అన్నాను. అందరినీ కళ్ళు మూసుకోమన్నాను. సిస్టరుగారు చెప్పినట్టే ఊపిరి ఎలా గమనించాలో చెప్పుకుంటూ పోయాను.

సగంలో ఫోను మోగింది. అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. ఆ అమ్మాయి మాత్రం లోపలున్న ఊపిరిని నెమ్మదిగా, పూర్తిగా వదిలి, అప్పుడు ఫోనందుకుంది.

"చెప్పండి" అంది.