కత్తిరింపుకు వెనుక వైపు

నెబ్రాస్కాలోని డెల్విన్ ఊళ్ళో వెర్లిన్ డిర్క్స్‌కి డెబ్బై తొమ్మిదేళ్ళు. చదివింది ఎనిమిదో తరగతి, అదీ ఒకే గది ఉన్న పల్లె బడిలో. ఆ చదువుతోనే నలభై నాలుగేళ్ళుగా ‘డెల్విన్ బీకన్’ వారపత్రిక నాలుగో పేజీ పైభాగాన్ని ఏలుతున్నాడు. ఏడుగురు అధ్యక్షులను ఉతికి ఆరేశాడు. ఇన్సులిన్ ధరల మీద రాస్తే రాష్ట్ర సెనేటరు స్వయంగా ఫోను చేశాడు. కొట్టుకుపోయిన వంతెన మీద పదకొండు వారాలు వరసగా రాసి, పన్నెండో వారం కౌంటీ చేత పని మొదలుపెట్టించాడు. హెర్నియా ఆపరేషన్ అయిన వారం కూడా పడుకునే రాసి పంపాడు. ఇవన్నీ అడిగితే చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

వీటన్నిటి కన్నా ఆయన ప్రాణం పెట్టుకున్న గౌరవం ఇంకొకటి ఉంది. గురువారం పత్రిక రాగానే ఊళ్ళోవాళ్ళు తమకు నచ్చిన వ్యాసం కత్తిరించి, కాఫీ హోటలు నడిపే డార్లాకి ఇస్తారు. ఎక్కువమంది తెచ్చిన వ్యాసాన్ని ఆమె గల్లా పక్కనున్న బోర్డుకి గుచ్చి వారమంతా ఉంచుతుంది. ఒక్కటంటే ఒక్కటే. ఆ చోటు ఏళ్ళ తరబడి వెర్లిన్‌దే.

జనవరిలో, కౌంటీ నర్సుగా పనిచేసి రిటైరైన లియోటా హార్మ్స్ అదే పేజీ కింది భాగంలో ఆరోగ్యం మీద రాయడం మొదలుపెట్టింది. ఆరు వారాలు తిరక్కుండా బోర్డు ఆమెదైపోయింది.

"ఏమ్మా డార్లా, ఈ వారం నాది ఇంకా గుచ్చలేదేం?"

"లియోటా గారివి పంతొమ్మిది వచ్చాయి. మీవి రెండు. అందులో ఒకటి మీరు తెచ్చిందే."

పక్క బల్ల దగ్గరున్న గేలెన్ నవ్వాపుకోలేకపోయాడు. "నీది చదివితే నాకు బీపీ పెరుగుతోంది వెర్లిన్. ఆవిడది చదివితే దిగుతోంది. తప్పు నాదా?"

వెర్లిన్‌కి ఒళ్ళు మండిపోయింది. వాషింగ్టన్‌ని గడగడలాడించిన కలం తనది. ఉప్పు తగ్గించండి, సాయంత్రం నడవండి అని రాసే మనిషి తన చోట్లో కూర్చోవడమా? కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఆ రోజుల్లోనే రెండు కౌంటీల అవతల తట్టు సోకిందని వార్త వచ్చింది. దాని మీద రాయడానికి ఊళ్ళో తనను మించిన మనిషి లేడని వెర్లిన్‌కి తెలుసు. ఏడేళ్ళప్పుడు తట్టు వచ్చి ఆయన ఎడమ చెవి పోయింది. ఆ సంగతి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఘనతల జాబితాలో అది ఇమడదు. ఈసారి చెబుదామని సగం రాశాడు కూడా. ఈలోగా గురువారం వచ్చింది. లియోటా ముందే రాసేసింది: వచ్చే వారం శనివారం ఫైర్ స్టేషన్‌లో పిల్లలకు ఉచితంగా టీకాలు, తప్పక తీసుకురండి అని.

వెర్లిన్ తన కాగితాలు చింపేశాడు. ఆమె అవునన్నది గనక కాదని రాశాడు. ‘సూది పట్టుకున్న ప్రతివాళ్ళూ మన పిల్లలకు పెద్ద దిక్కా?’ అని మొదలుపెట్టాడు. అందులో ఒక్క వాక్యాన్నీ తాను నమ్మడు. కానీ రాసి రాసి ఆరితేరిన చెయ్యి. ఆ వారం ఇరవై ఆరుమంది కత్తిరించి తెచ్చారు. బోర్డు మళ్ళీ తనదైంది.

శనివారం మధ్యాహ్నం లియోటా ఓడిపోయిన మొహం చూద్దామని ఫైర్ స్టేషన్‌కి వెళ్ళాడు. మంటలార్పే బండి పక్కన బల్ల వేసుకుని లియోటా ఒక్కతే కూర్చుని ఉంది. ఖాళీ కుర్చీలు నలభై. బిస్కెట్ల పళ్ళెం మీద కప్పిన గుడ్డ తీయనే లేదు.

"ఎంతమంది వచ్చారు?"

"ఇద్దరు." ఆమె లేచి ఆయన కుడివైపుకి వచ్చి నిలబడింది. "నేనెప్పుడూ నీకు ఈ పక్కనే నిలబడి మాట్లాడతాను. గమనించావా?"

వెర్లిన్ ఖాళీ కుర్చీల వైపు చూపు తిప్పుకున్నాడు.

"నీకన్నా రెండు తరగతులు కింద చదివాను, మర్చిపోయావా? మూడు వారాలు బడికి రాలేదు నువ్వు. వచ్చాక పిలిస్తే పలకట్లేదని టీచరమ్మ నిన్ను గోడకి నిలబెట్టింది. నీ వ్యాసంలో ఆ మాట లేదేం?"

"చోటు చాల్లేదు."

"నీ గొప్పలు పోను ఇంకేం మిగుల్తుందిలే," అని బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందుకి జరిపింది. ఆయన ఒకటి తీసుకున్నాడు గానీ నోట పెట్టలేకపోయాడు.

సోమవారం కొత్త వ్యాసంతో ఎడిటరు కర్టిస్ దగ్గరికి వెళ్ళాడు. కర్టిస్ చదివి తలెత్తాడు.

"బాగుంది సార్. కానీ నాలుగో పేజీ పైన లియోటా గారిది పెట్టేశాను. ఈ శనివారం మళ్ళీ టీకాలు వేస్తారట. మీది వచ్చే వారం వేస్తాను, మీ చోట్లోనే."

"వచ్చే వారానికి శనివారం అయిపోతుందిగా."

"ఈ వారమే అంటే మూడో పేజీలోనే ఉంది చోటు."

"నలభై నాలుగేళ్ళలో నేను మూడో పేజీ గడప తొక్కలేదు కర్టిస్."

"అందుకే చెప్తున్నా, వచ్చే వారం..."

వెర్లిన్ టోపీ తీసి పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "వెయ్యి. మూడులోనే వెయ్యి."

శుక్రవారం పొద్దున కాఫీ హోటలుకి వెళితే బోర్డు మీద లియోటా వ్యాసం.

"ముప్పై నాలుగు వచ్చాయి," అంది డార్లా.

"నాది?"

"మూడు. ఈసారి మీరు తేలేదు కదా, నిజంగానే మూడు," అని వంటింట్లోకి వెళ్ళింది.

చూసేవాళ్ళు లేరు. వెర్లిన్ పిన్ను లాగి కాగితం తిప్పాడు. వెనక తన వ్యాసం! మూడో పేజీకి వీపు నాలుగో పేజీయే కదా. ఆమెది కత్తిరించిన ప్రతివాళ్ళూ తనదీ కత్తిరించారు. చివరి నాలుగు వాక్యాలు కత్తెరకి పోయాయి గానీ, ‘పోయిన వారం అసూయతో తప్పు రాశాను. నాకు ఎడమ చెవి వినపడదు, తట్టు వల్ల,’ అన్న వాక్యాలు చెక్కుచెదరలేదు. ముప్పై నాలుగూ మూడూ ముప్పై ఏడు! తన వైపు పైకి పెట్టి గుచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. వంతెన కట్టించినప్పుడు కూడా ఇంత ఆనందం కలగలేదు.

తలుపు తోసుకుని చంకలో పాపతో ఒకమ్మాయి వచ్చింది. బోర్డు దగ్గర ఆగి వెతికింది. "రేపు టీకాలు ఎన్నింటికో ఇక్కడ ఉందన్నారే, ఏదండీ?"

వెర్లిన్ కాసేపు తటపటాయించాడు. తర్వాత పిన్ను లాగి కాగితం మళ్ళీ తిప్పాడు.

"పది నుంచి రెండు దాకా. ముందే వెళ్ళు," అన్నాడు.

పిన్ను మాత్రం సరిగ్గా లియోటా పేరు మీద గుచ్చాడు.