గులాబీల అంచులో మురుగు పాఠం

మురుగునీటి విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు మ్యాన్‌హోల్ పని నేర్పే ముసలాయనను అందరూ గ్యాస్ మాస్టారు అనేవారు. మీటరుతో గ్యాస్ చూడందే లోపలికి తల కూడా వంచొద్దని రోజుకు పదిసార్లు చెప్పడం వల్ల వచ్చిన పేరది. ముప్పై ఏళ్లు నడుములోతు మురుగులో పనిచేశాడు. ఆ కంపుకు ఏనాడూ ముక్కు మూసుకోలేదు. చేతులు కడుక్కుని ఆ పక్కనే కూర్చుని భోజనం చేసేవాడు.

అలాంటివాడికి ఆఫీసు కంప్యూటర్ మీద తన పాఠం చూడగానే కడుపులో దేవింది.

ఆయన రాసిచ్చిన నాలుగు కాగితాలను శిక్షణాధికారి ఆన్‌లైన్ పాఠంగా మార్పించాడు. చుట్టూ గులాబీల అంచు. అక్షరాలు ఎర్రగా, పచ్చగా మిణుకుతూ అటూ ఇటూ పరుగులు. మురుగు ఫొటోలు తీసేసి నీలంరంగు సెలయేరు పెట్టారు. గ్యాస్ సంగతి ఎక్కడో అడుగున, ఒక బటన్ వెనక పడి ఉంది. ఫోనులో అది నొక్కితే తెరుచుకోనే లేదు.

"చూడ్డానికి ఆహ్లాదంగా ఉండాలి కదండీ మాస్టారూ. ఆ ఫొటోలు చూస్తే ఎవరికైనా డోకొస్తుంది" అన్నాడు అధికారి.

"రానివ్వండి సార్. వాళ్లు దిగబోయేది అందులోకే."

అధికారి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, తర్వాత చూద్దామన్నాడు.

ఇంట్లో కోడలు బడిపిల్లలకు అలాంటి పాఠాలే తయారుచేస్తుంది. తన పాఠంలో చేరిన చెత్త ఎత్తిపోయడం తనకు చేతనవుతుందా అని ఆమెను అడిగాడు.

"ఈ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ ఏమీ బ్రహ్మవిద్య కాదు మామయ్యా. చెప్పే మాటకు ముందో గుర్తు, వెనకో గుర్తు. తెరిచింది మూసెయ్యాలి, అంతే. మర్చిపోతే కిందున్నదంతా పాడవుతుంది."

"మూత మూయకపోతే ఏమవుతుందో నువ్వు నాకు చెప్పాలా అమ్మా" అని నవ్వాడు.

వారంపాటు సాయంత్రాలు ఒంటివేలితో టైపు కొట్టాడు. పాత పేజీ లోపలి రాత చూస్తే రోత పుట్టింది. ఒక్క మాటకు ఏడు రంగులు, ఎందుకున్నాయో తెలియని ఖాళీ వరసలు, ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి అతికించిన ముక్కలు. తూములో పేరుకున్న జిడ్డును గీకినట్టు అంతా గీకి పారేశాడు. గ్యాస్ మాటను అన్నిటికన్నా పైన పెద్ద శీర్షిక చేశాడు. అసలు మురుగు ఫొటో పెట్టి, ఎక్కడ వేలు పెడితే అక్కడి ప్రమాదం కనబడేలా కోడలి సాయంతో కుదిర్చాడు. మీటరు కూత పెడితే ఏం చేయాలో సరిగ్గా చెప్పకపోతే రెండో పాఠం తెరుచుకోదు.

అధికారిని అడగలేదు. కొత్త జట్టు పదకొండుమంది ఫోన్లకూ నేరుగా పంపించాడు. మర్నాడు మ్యాన్‌హోల్ దగ్గర ఆయన నోరు తెరవకముందే ఒకడు మీటరు తీసి లోపలికి దించాడు. తనిఖీకి వచ్చిన పెద్ద ఇంజనీరు అది చూసి, పాఠం ఎవరిదని శిక్షణాధికారిని ఆరా తీశాడు.

ఆ తర్వాతి సమావేశంలో శిక్షణాధికారి అదే పేజీని తెరమీద వేసి, "ఇదంతా మా ఆలోచనే సార్" అన్నాడు.

గ్యాస్ మాస్టారూ ఆ గదిలోనే ఉన్నాడు. లేచి అడుగుదామనుకున్నాడు. అడిగితే, అనుమతి లేని పాఠమని అధికారి మర్నాటికే ఆ పేజీ తీయించేస్తాడని తెలుసు. ఎదుట పెట్టిన టీ ముట్టకుండా బయటికొచ్చి, కుళాయి దగ్గర మొహం రెండుసార్లు కడుక్కుని జట్టు దగ్గరికి వెళ్లిపోయాడు.