ఉత్త ప్లేట్లకు పట్టిన వెల్లుల్లి

ప్రయోగశాలలో అందరూ ఆమెను కణాలక్క అంటారు. గాజుసామాను కడిగే పనికి చేరిన మనిషి, పక్కవాళ్ళ చేతులు చూసి చూసి మనిషి కణాలను పెంచడం నేర్చేసుకుంది. వేళ తప్పకుండా వాటికి ఆహారం పోస్తుంది. నీరసంగా కనిపిస్తే నాలుగు చీవాట్లు పెడుతుంది. అవి వింటాయని ఆమె గట్టి నమ్మకం. పోనీ, వినవని రుజువు చేసినవాడు మాత్రం ఎవడున్నాడు!

ఈ ఏడు పెద్ద మేడమ్ మొదటిసారి ఒక ప్రయోగాన్ని పూర్తిగా ఆమె చేతికే అప్పగించింది. వెల్లుల్లిలోని గంధకపు పదార్థం కణాలను కాస్త గిల్లుతుందట. ఏదో ముప్పొచ్చిందని ఉలిక్కిపడి, అవి తమను కాపాడే యాంటీఆక్సిడెంట్లను తామే ఎక్కువగా తయారు చేసుకుంటాయట. అది తేల్చాలి. కణాలు పెరిగే గుండ్రటి ప్లేట్లలో సగానికి ఆ పదార్థం వేసింది, పోల్చి చూడ్డానికి సగం ఉత్తవే ఉంచింది.

తీరా చూస్తే ఉత్త ప్లేట్లలోనూ యాంటీఆక్సిడెంట్లు పెరిగాయి. ఒకసారి కాదు, మూడుసార్లు!

"నువ్వు ప్లేట్లు తారుమారు చేస్తున్నావు," అంది మేడమ్. "ఇంకోసారి ఇలాగే వస్తే ఈ పని వేరేవాళ్ళకిచ్చేస్తాను. నువ్వు మళ్ళీ సామాన్లు కడుక్కో."

కణాలక్కకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, ఏడుపు దిగమింగుకుంటూ కాఫీ కలిపి అత్తగారికిచ్చింది. ఆవిడ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఏమే, ఫ్రిజ్‌లో పాల పక్కన దంచిన వెల్లుల్లి పెట్టావా? గిన్నె మీద మూతున్నా పాలకి వాసన పట్టేసింది. అంతంత చదువుకున్నవాళ్ళ మధ్య తిరుగుతావు, ఈమాత్రం తెలీదూ?"

కోడలికి కోపం రావాలి. రాలేదు సరికదా, అత్తగారి చేతులు పట్టుకుని ఊపేసింది. ఈ పిల్లకు మతి పోయిందని ఆవిడ ఖాయం చేసుకుంది.

ప్రయోగశాలలోనూ జరుగుతున్నది అదే మరి! అన్నిటికీ వేడి ఒకేలా అందాలని, ప్లేట్లన్నీ ఒకే వెచ్చటి బీరువాలో పెట్టాలన్నది మేడమ్ రూలు. గాలి ఆడడానికి ప్లేట్ల మూతలు వదులుగా ఉంటాయి. వెల్లుల్లి ఆవిరి ఊరుకుంటుందా, దర్జాగా పక్కింటికి వెళ్ళొస్తుంది.

మర్నాడు కొత్తగా ప్లేట్లు సిద్ధం చేసి, ఉత్తవాటిని అంతే వేడి ఉన్న వేరే బీరువాలో పెట్టింది. రెండు రోజులకు చూస్తే వెల్లుల్లి ప్లేట్లలో యాంటీఆక్సిడెంట్లు ఎప్పటిలాగే పెరిగాయి. ఉత్తవాటిలో ఏ మార్పూ లేదు.

ఆ అంకెల కాగితం పట్టుకుని మేడమ్ గదికి బయల్దేరింది. 'తప్పు నా చేతులది కాదు, మీ రూలుది' అని దులిపెయ్యాలని దారంతా మాటలు కూర్చుకుంది.

మేడమ్ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఐదేళ్ళుగా నేనూ పదార్థాలు వేసినవీ, ఉత్తవీ అన్నీ ఆ బీరువాలోనే పెట్టాను," అంది మెల్లగా. "అంటే నా పనంతా మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సిందే."

ఆ మొహం చూసేసరికి కణాలక్కకు జాలేసింది. కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేసింది.

"చేద్దాం మేడమ్. కణాలకేం, మళ్ళీ పెంచుకుందాం."

మేడమ్ లేచి కోటు తొడుక్కుంది.

"పద. ఏ ప్లేటు ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పు. నేను పెడతాను."