దుప్పటి మూల

ఆమె ఇరవై రెండేళ్లుగా ఒక హోటల్లో గదులు సర్దుతోంది. కూతురి అత్తగారికి మాత్రం అదే హోటల్ ఆఫీసులో ఉద్యోగమని చెప్పుకుంది. ఈ వేసవిలో వియ్యపురాళ్లిద్దరూ రెండు రోజులు గడపడానికి కొండ మీది సరస్సు దగ్గర గది తీసుకున్నారు. పొద్దున వియ్యపురాలు స్నానానికి వెళ్లగానే ఆమె అలవాటు కొద్దీ పక్కలు దులిపి, దుప్పటి మూలలు కవరులా మడిచి పరుపు కిందికి దోపేసింది.

తొమ్మిదింటికి గది సర్దే మనిషి బకెట్‌తో వచ్చింది. "పది గదులకీ నేనొక్కదాన్నే, ఆలస్యమైందమ్మా" అంటూ పరుపు మూల తడిమి నవ్వింది. "ఇది మన చేతి మడతే! ఏ హోటల్లో చేస్తావక్కా?"

కిటికీలోంచి సరస్సు చూస్తున్న వియ్యపురాలు ఇటు తిరిగింది. "అదేంటి వదినా, నువ్వు సర్దావా?"

"నాకెక్కడ వచ్చు ఇవన్నీ? ఇందాక పనిమనిషెవరో వచ్చి సర్దిపోయింది" అందామె.

గది సర్దే మనిషి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "అవును మేడమ్, మావాళ్లే అయ్యుంటారు" అని బకెట్ ఎత్తుకుంది.

"పడవ వచ్చింది, రా వదినా" అని వియ్యపురాలు రెండుసార్లు పిలిచింది. తలనొప్పి అని ఆమె గదిలోనే ఉండిపోయింది. పడవ దగ్గరికి వెళ్లాలంటే వరండా దాటాలి. అక్కడ ఆ మనిషి వంగి నేల తుడుస్తోంది.