బల్ల కింద చెయ్యి

గాజువాక బస్సులో నా పక్కన కూర్చున్నాయన విదేశీ సరుకు ఓడలో కళాసీ. అరచేతిలో కాలిన మచ్చ చూసి, ఏటైందని అడిగాను.

"ఓడని రేవుకి కడతంటే తాడు జర్రున జారిపోయింది బావా. నానూ, ఓ తెల్లోడూ కలిసి పట్టుకున్నాం. ఇద్దరి సేతులూ ఒక్కలాగే కాలిపోనాయి. కంపెనీ ఆడికిచ్చిన పరిహారంలో నాకు సగం కూడా ఇవ్వలేదు. జీతాలూ అంతే."

"అడగలేదా?"

"నా తరపున ఆడే అడిగాడు. ఏ దేశపోడికి ఆ దేశం రేటన్నారంట. ఆ రోజు నుంచీ అన్నం దగ్గర నాకెదురుగా కూసుంటే, పాపం, కాలిన సెయ్యి బల్ల కింద దాసుకునీవోడు."

ఆయన పోర్టు దగ్గర దిగిపోయాడు.

ఆటోనగర్‌లో ఓ ఫ్యాక్టరీలో నేను పర్మినెంటు. మర్నాడు, నా పక్కనే నిలబడి నేను చేసే పనే చేసే కాంట్రాక్టు మనిషి నవ్వుతూ టీ గ్లాసు అందించాడు. అందుకోడానికి నా చెయ్యి వెంటనే పైకి లేవలేదు.